బెంగళూరులో ఇంటి పన్ను: ఏప్రిల్‌లో ఒకేసారి కట్టాలా, రెండు వాయిదాల్లోనా?

ఏప్రిల్ వస్తే చాలు మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఇదే పంచాయితీ. ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది కదా అని ఒకరు, ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీ వస్తుంది కదా అని ఇంకొకరు. బెంగళూరు నగరపాలిక పేరు మారింది, 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, పంచాయితీ మాత్రం మారలేదు.

లెక్క చూద్దాం. చెత్త ఫీజు పక్కన పెట్టి పన్ను 12,000 అనుకోండి. ఏప్రిల్ 30 లోపు మొత్తం కడితే 600 మిగులుతుంది. వాయిదాలైతే సగం మేలో, సగం నవంబర్‌లో, ఈలోగా ఆ డబ్బు 7 శాతం ఎఫ్‌డీలో పెట్టినా చేతికొచ్చేది 300 లోపే, పైగా నవంబర్‌లో దీపావళి ఖర్చుల్లో పడి మర్చిపోతే వడ్డీ మనమే కట్టాలి. కాబట్టి చేతిలో డబ్బుంటే ఏప్రిలే. లేదంటే వాయిదాలే నయం. క్రెడిట్ కార్డు మీద కట్టి ఆ బ్యాలెన్స్ మోస్తే మాత్రం నెలకి మూడు శాతం పైనే, ఆ తగ్గింపు రెండు నెలల్లో ఆవిరి.

చెన్నైలో మా బావ వాళ్లకి ఈ తలనొప్పి లేదు, అక్కడ బిల్లే ఆరు నెలలకోసారి, అర్ధసంవత్సరం మొదలైన 30 రోజుల్లో కడితే 5 శాతం తగ్గింపు (5,000 మించకుండా).

కానీ అసలు డబ్బు ఈ 600 దగ్గర లేదండి. పన్ను కట్టే వెబ్‌సైట్‌లో ఫారం 4 నొక్కాలా, ఫారం 5 నొక్కాలా అన్న దగ్గరుంది. ఏ మార్పూ లేకపోతే 4, వాడకం గానీ కట్టడం గానీ మారితే 5. ఇక్కడ పన్ను మనమే లెక్కేసుకుని ప్రకటించే పద్ధతి, 2008 నుంచీ ఇంతే, జోన్‌ని బట్టి చదరపు అడుగుకి రేటు, అద్దెకిచ్చిన ఇంటికి మనం ఉండే ఇంటికంటే రేటు రెట్టింపు. నేను ఫ్లాట్ అద్దెకిచ్చాక కూడా అలవాటుగా ఫారం 4 కొట్టేసి, అబ్బ ఆరు వేలే అని సంబరపడ్డాను, కట్టాల్సింది పన్నెండు.

కొందరు కావాలనే అలా వదిలేస్తారు, ఎవడు చూస్తాడులే అని. నా మాట వినకండి, లెక్క వినండి. అద్దెకున్నాయన ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) చూపించాలంటే, ఏడాది అద్దె లక్ష దాటితే మీ పాన్ ఇవ్వాలి, అంటే అద్దెకిచ్చినట్టు రాతపూర్వకంగా ఒక చోట పడిపోయింది. ఇటు కార్పొరేషన్ దగ్గరేమో నేనే ఉంటున్నా అని మీ సంతకం. దొరికితే తేడా, పెనాల్టీ, వడ్డీ మూడూ కట్టాలి. ఇంకో సంగతి, అద్దె ఆదాయంలోంచి ఆ ఏడాది మీరు నిజంగా కట్టిన ఇంటి పన్ను తీసేయొచ్చు, ఇన్‌కమ్ టాక్స్ కొత్త రెజీమ్‌లో కూడా. 12,000లో తగ్గింపు పోను 11,400 కడితే 30 శాతం శ్లాబు వాళ్లకి ఇన్‌కమ్ టాక్స్ దాదాపు 2,400 తగ్గుతుంది. నవంబర్ వాయిదా మార్చి దాటించారా, ఆ సగం వచ్చే ఏడాది లెక్కలోకి పోతుంది.

అద్దె ఇంటికైతే నా ఓటు ఫారం 5, ఏప్రిల్‌లోనే. నింపేముందు సేల్ డీడ్ పక్కన పెట్టుకోండి, చదరపు అడుగులు ఊహించి వేయొద్దు, కార్ పార్కింగ్ విడిగా వేయాలి. 1,000 నుంచి 2,000 చదరపు అడుగుల ఇళ్లకి చెత్త ఫీజు నెలకి 100, 2025 ఏప్రిల్ నుంచి బిల్లులోనే కలిపి వస్తోంది, అది చూసి పన్ను పెంచేశారని కంగారు పడొద్దు. రసీదు పీడీఎఫ్ అప్పుడే దింపుకోండి, ఫ్లాట్ అమ్మేరోజు కొనేవాళ్ల బ్యాంకు అడిగే కాగితాల్లో అదీ ఉంటుంది.