ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే మైక్రో ఆర్‌ఎన్‌ఏ క్యాన్సర్ పరీక్ష: పర్లాకిమిడిలో మా అనుభవం

మా అత్తగారిది సోంపేట వైపు సముద్రం ఒడ్డు ఊరు. పర్లాకిమిడి కోడలిగా వచ్చి యాభై ఏళ్లు దాటినా అడ్డపొగ మానలేదు. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తుంది. ఈమధ్య కారం తగిలితే అంగిలి మండుతోందంటే, విశాఖలో ఉన్న మా మరిది కంగారుపడి ఫోన్లోనే ఈ పరీక్ష బుక్ చేసేశాడు. రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కొలిచి క్యాన్సర్‌ను ముందే పట్టేస్తామని వాళ్ల ప్రకటన. 6,500 రూపాయలు. సంస్థ పేరు రాయను. నేను 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. అందుకే నా కళ్లు రిపోర్టు కంటే ముందు గొట్టం మీద పడ్డాయి.

కుర్రాడు చెప్పినట్టే ఉదయం ఆరున్నరకి వచ్చాడు. మర్యాదస్తుడు, గొట్టం మీద పేరు మా ముందే రాశాడు. అత్తగారివి సన్న నరాలు. మొదటిసారి దొరకలేదు. రెండోసారి సన్న సూదితో సిరంజిలోకి గట్టిగా లాగి, అదే సూది ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) గొట్టం మూతలోకి గుచ్చి, వెనక నుంచి ఒత్తి నింపాడు. తర్వాత గొట్టాన్ని పెట్టెలో మంచుగడ్డకి ఆనించి పెట్టేశాడు. ఇంకో మూడిళ్లు తిరిగి మధ్యాహ్నం బరంపురం బస్సుకి అందిస్తానన్నాడు. మే నెల ఎండ. ప్లాస్మా, అంటే కణాలు తీసేస్తే మిగిలే రక్తపు ద్రవం, వేరు చేసింది మర్నాడని రిపోర్టులో టైము చూశాక తెలిసింది. ఆ బాబుని తప్పుపట్టను. అతనికి ఎవరూ నేర్పలేదు.

ఇలా చేస్తే ఎర్రకణాలు పగులుతాయి. ఈ పరీక్షకి మాత్రం అవి పగలకుండా ఉండటమే ప్రాణం. ఎందుకో చెప్తాను.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 అక్షరాల చిన్న ముక్క. ప్రోటీన్ తయారుచెయ్యమని జన్యువు పంపే చీటీకి అతుక్కుని, ఆ పని ఆపేస్తుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కన్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో దీన్ని కనిపెట్టారు. 2024లో నోబెల్ వచ్చినప్పుడు మా అమ్మాయి చేత ఆ వ్యాసాలు ప్రింటు తీయించుకుని చదివాను. రక్తపు స్లైడ్లు చూస్తూ బతికినదాన్ని కదా, నన్ను కట్టిపడేసింది మాత్రం 2002 నాటి పని. జార్జ్ కాలిన్, కార్లో క్రోచే అనే శాస్త్రవేత్తలు దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల్లో 13వ క్రోమోజోములో ఊడిపోయే ముక్కని వెతికితే, అక్కడ మిర్-15, మిర్-16 అనే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. కణం చావకుండా అడ్డుపడే బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ని అవి అదుపులో పెడతాయని తర్వాత తేలింది. అవి లేకపోతే చావాల్సిన కణం చావదు. క్యాన్సర్‌తో మైక్రో ఆర్‌ఎన్‌ఏకి సంబంధం మొదట దొరికింది అక్కడే.

ఆ మిర్-16 ఎర్రకణాల్లో దండిగా ఉంటుంది. కణం పగిలితే ప్లాస్మాలోకి ఒలికిపోతుంది. అప్పుడు మిషను కొలిచేది రోగాన్ని కాదు, సూది చేసిన గాయాన్ని. ఇది పట్టుకోవడం కష్టమేమీ కాదు. ప్లాస్మా గులాబీరంగుకి తిరిగితే కంటికే తెలుస్తుంది. పగిలిన కణాల్లోంచి వచ్చే హిమోగ్లోబిన్ 414 నానోమీటర్ల దగ్గర కాంతి ఎంత పీల్చుకుందో చూడొచ్చు. ఎర్రకణాల్లో దండిగా ఉండే మిర్-451ని, కణాలు పగిలినా పెద్దగా మారని మిర్-23ఎతో పోల్చినా బయటపడుతుంది. మాకొచ్చిన నాలుగు పేజీల రంగుల రిపోర్టులో వీటి మాటే లేదు. మిర్-16, మిర్-21 ఎదురుగా ఎర్రగీతలు, కింద ‘ముప్పు ఎక్కువ’ అని ఒక మాట. మిర్-21 చాలా క్యాన్సర్లలో పెరిగే మాట నిజమే. మామూలు వాపుకీ పెరుగుతుంది. యాభై ఏళ్లుగా నిప్పు తగులుతున్న నోట్లో వాపు ఉండదా? మామూలు మనుషుల్లో ఎంత ఉంటుందో పక్కన అంకె కూడా వెయ్యలేదు. ఆ ఒక్క మాటకి మా మరిది రెండు రాత్రులు నిద్రపోలేదు.

నేను టార్చి తీసుకుని అత్తగారిని నోరు తెరవమన్నాను. “ఏటే, నోట్లోకి దీపం ఏసి సూత్తన్నావు?” అంది. అంగిలంతా తెల్లగా మందం కట్టి, మధ్యమధ్య ఎర్రచుక్కలు. ఒక మూల చిన్న పుండు. మర్నాడే బరంపురం తీసుకెళ్లి నోటి డాక్టరుకి చూపించాం. ఆ పుండు దగ్గర చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. క్యాన్సర్ కాదు. చుట్ట మానాలి, మూడు నెలలకోసారి చూపించాలి అన్నారు. మా వైపు అడ్డపొగ అలవాటున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దయచేసి ముందు టార్చి వేసి అంగిలి చూడండి. ఏ కొంచెం తేడా ఉన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కుర్రాడి మర్యాదకి, వేళకి రావడానికి 5కి 4 ఇస్తాను. పరీక్షకి 1.

సంస్థకి ఇదంతా రాసి పంపాను. డబ్బు తీసుకోకుండా మళ్లీ శాంపిల్ తీస్తామని ఫోన్ చేశారు. తీసిన గంటలోపు ఇక్కడే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చేస్తారా అని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు. పది రోజులైంది, ఇంకా చెప్పలేదు.