గన్‌మన్ అన్నలూ, డబ్బాలో అమ్మే ‘ఇంపోర్టెడ్ గన్ గ్రీజు’ కొనకండి

ముందు అసలు విషయం చెప్పేస్తా. ఆటోనగర్‌లో చిన్న గుండ్రటి డబ్బాలో ‘ఇంపోర్టెడ్ గన్ గ్రీజు’ అని అమ్ముతున్నాడు చూడండి, దాని జోలికి పోకండి. షాపు పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. బెజవాడ, గుంటూరుల్లో డబుల్ బ్యారెల్ భుజాన వేసుకుని డ్యూటీ చేసేవాళ్ళలో చాలామందికి ఆ కౌంటరు తెలుసు. నన్ను పంపింది కూడా మనవాళ్ళే.

అరచేతిలో ఇమిడిపోయే డబ్బాకి 450 రూపాయలు. “ఫారిన్ సరుకన్నా, పిన్నుకి ఒకసారి రాస్తే మళ్ళీ వర్షాకాలం దాకా చూసుకోనక్కర్లేదు” అన్నాడు. బిల్లు అడిగితే “మన మధ్య బిల్లేంటన్నా” అని నవ్వాడు. మిలిటరీలో సర్వీసంతా తుపాకీ తుడిచి వచ్చినవాణ్ణి, ఆ ‘అన్నా’కి కరిగిపోయి డబ్బు చేతిలో పెట్టి వచ్చాను. నా తెలివికి సన్మానం చేయాలి.

నాది ఐఓఎఫ్ (ఇండియన్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ) 12 బోరు డబుల్ బ్యారెల్. క్యాష్ వ్యాన్ డ్యూటీ. పొద్దున బండెక్కేటప్పుడు గన్ను విరిచి, అంటే బ్యారెల్ కిందికి వంచి తెరిచి, తూటాలు పెట్టాలి, సాయంత్రం విరిచి తీయాలి, మధ్యలో ఏ ఆఫీసరుకో అనుమానం వస్తే మళ్ళీ విరిచి చూపించాలి. కాల్చే పని దేవుడి దయవల్ల రాలేదు గానీ విరిచే పని మాత్రం రోజూ ఉంటుంది. ఆ భారమంతా మోసేది హింజ్ పిన్నే, తలుపు బందులో ఉండే చీల లాంటిది. బ్యారెల్ కింద ఉండే కొక్కెం ఆ పిన్ను చుట్టూనే తిరుగుతుంది. తిరిగేది మెల్లగానే, ఒత్తిడి మాత్రం విపరీతం. పేలినప్పుడైతే చెప్పక్కర్లేదు. పల్చటి నూనె అక్కడ నిలవదు, నొక్కుడికి పక్కకి జారిపోతుంది. అందుకే గ్రీజు కావాలి. మనలో కొందరు దేనికైనా డబ్ల్యూడీ-40 కొట్టేస్తారు. అది 1953లో తేమను తరిమేందుకు తయారైన సరుకు, పేరులోని డబ్ల్యూడీ అంటేనే ‘వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్’, నీటిని తరమడం. తడిసిన గన్నుకి మంచిదే, పిన్నుకి మాత్రం చాలదు. ఇంజన్ ఆయిల్ ఎక్కువ పోస్తే కారి బట్ చెక్కలోకి ఇంకి చెక్కని మెత్తబరుస్తుంది. ఇదంతా తెలిసే గ్రీజు కోసం వెళ్ళాను. తెలిసి వెళ్ళినవాడికే ఈ గతి.

రాసిన కొత్తలో బాగానే ఉంది. తర్వాత విరిచినప్పుడల్లా సన్నగా కరకరమని చప్పుడు. ఎండకి గ్రీజు కరిగి దుమ్ము పట్టిందేమో అనుకున్నా. ఒకరోజు డ్యూటీ దిగాక బ్యారెల్ కింద చేత్తో పట్టుకునే ఫోరెండ్ చెక్క తీసి, బ్యారెల్ విడదీసి, తెల్లటి చిందీ గుడ్డతో కొక్కెం తుడిచాను. గుడ్డ మీద నల్లటి మరక, ఆ మరకలో మిలమిలా మెరిసే రవ్వలు. టార్చి వేసి చూస్తే పిన్ను మీద వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. డబ్బాలో మిగిలిన గ్రీజు కాస్త తీసి రెండు అద్దం ముక్కల మధ్య పెట్టి నొక్కి తిప్పాను. చప్పుడు చెవికి వినపడింది, అద్దం మీద గీతలు కంటికి కనపడ్డాయి. ఇసకో, ఇనప రజనో కలిసిన గ్రీజు రాయడం, అరగదీసే పేస్టు రాయడం రెండూ ఒకటే. అంటే ఇన్నాళ్ళూ గన్ను విరిచినప్పుడల్లా నా పిన్నుని నేనే సాన పట్టాను.

గన్ను ఇంట్లో తాళం వేసి, ఆ చిందీ గుడ్డ, డబ్బా మాత్రం జేబులో పెట్టుకుని వెళ్ళాను. గన్నుతో వెళ్ళకూడదన్న బుద్ధి ఆ రోజైనా పనిచేసింది.

షాపులో ఓనరు లేడు, వెనక షెడ్డులోకి తొంగి చూశాను. మూతలేని గ్రీజు డ్రమ్ము, దాని పక్కనే గ్రైండింగ్ వీలు తిరుగుతోంది. రవ్వలు ఎగిరి సూటిగా డ్రమ్ములోకే పడుతున్నాయి. ఒక కుర్రాడు అట్టముక్కతో గ్రీజు తోడి డబ్బాల్లో కూరుతున్నాడు, ఇంకొకడు వాటి మీద స్టిక్కర్లు అంటిస్తున్నాడు. ఇదీ మన ఫారిన్ సరుకు. షిప్పులో రాలేదు, షెడ్డులోంచే వచ్చింది.

ఇంతలో ఓనరు వచ్చాడు. గుడ్డ చూపించి మర్యాదగానే చెప్పాను, “డబ్బు వద్దులే, ఇంకెవరికీ అమ్మకండి” అన్నాను. గుడ్డ వైపు చూడనే లేదు. ముందు “రోజూ పేలుస్తున్నావా ఏంటి, బ్యాంకు ముందు నిలబడే తుపాకీకి ఇంత బిల్డప్పా?” అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేను గొంతు పెంచాను, ఒప్పుకుంటా. అప్పుడు కూర్చునున్న ఓనరు చటుక్కున లేచి, అందరికీ వినపడేలా, “చూడండి, గన్ లైసెన్సుందని షాపుకొచ్చి బెదిరిస్తున్నాడు. స్టేషన్‌లో ఒక్క కాగితం రాసిస్తే నీ లైసెన్సు ఏమవుతుందో తెలుసా?” అన్నాడు. మాట వరసకి కాదు, ఫోను తీసి చేతిలో పట్టుకున్నాడు కూడా.

నా దగ్గర గన్ను లేదు, చేతిలో నూనె గుడ్డ ఉంది. అయినా నోరు పడిపోయింది. ఆయుధాల చట్టం సెక్షన్ 17 కింద లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. నిజం తేలేలోపు గన్ను స్టేషన్‌లో ఉంటుంది, నేను ఇంట్లో ఉంటాను, ఏజెన్సీవాడు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. ఆ సంగతి వాడికి నాకంటే బాగా తెలుసు. ఎన్నిసార్లు వాడాడో ఈ మంత్రం! మనలాంటివాళ్ళకే ఎందుకు అమ్ముతున్నాడో అప్పుడు అర్థమైంది. గొడవ పడలేని గిరాకీ మనమే కదా.

వస్తుంటే వెనక నుంచి “అన్నకి టీ చెప్పరా” అన్నాడు. ఆ మాట ఇంకా మండుతోంది.

కొనాల్సినవాళ్ళకి రెండు ముక్కలు. సీలున్న ట్యూబే తీసుకోండి. కంపెనీ అడ్రసు, బరువు, ఎమ్మార్పీ, తయారైన నెల లేని ప్యాకెట్ ముట్టుకోకండి, చట్టప్రకారం అవి ఉండాల్సిందే. కార్ల సీవీ జాయింటుకి వాడే మాలిబ్డినం కలిసిన లిథియం గ్రీజు, 2వ నంబరు చిక్కదనం ఉన్నది, పిన్నుకి బాగా సరిపోతుంది. అదే ఆటోనగర్‌లో నాలుగు షాపుల అవతల దొరుకుతుంది, మన ఖర్మ. పాతది కిరసనాయిలుతో పూర్తిగా తుడిచాకే కొత్తది, అదీ బియ్యపు గింజంత. బిల్లు తీసుకోండి. బిల్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు, నా దగ్గర అదీ లేదు.

ఆ డబ్బా ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఈ రాత్రే తుడిచేయండి. ఫోరెండ్ చెక్క తీసి, గన్ను మూసి, కాస్త ఊపి చూడండి. లొడలొడమన్నా, వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తే బ్యారెల్‌కీ దాని వెనక ఆనుకునే ఇనప గోడకీ మధ్య సన్నటి గీత కనపడినా ఇక తూటా పెట్టకండి. నాది ఇంకా అంత దూరం రాలేదు గానీ లైసెన్సున్న రిపేరర్ చూసి పిన్ను మార్చాల్సిందే అన్నాడు. గన్ను అక్కడ వదిలి రసీదు తీసుకున్నా. అది తిరిగొచ్చేదాకా డ్యూటీ లేదు, జీతమూ లేదు.