ఉప్పు గదిలో పది సిట్టింగులు: గోడల్ని కాదు, మెషిన్‌ని చూడండి

నాన్నకి సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఏళ్ల తరబడి ఆయాసం, పొద్దున లేస్తే కఫం తెగక అరగంట దగ్గు. ఎవరో చెబితే సాల్ట్ థెరపీకి, అంటే గదిలో కూర్చోబెట్టి ఉప్పు గాలి పీల్పించే చోటికి తీసుకెళ్లాను. పది సిట్టింగులు, ఒక్కోటి 45 నిమిషాలు, పక్కనే నేనూ కూర్చున్నాను కాబట్టి చూసిందే రాస్తున్నా.

గది బాగుంది. గోడల నిండా గులాబీ రంగు ఉప్పు పలకలు, వెనక లైట్లు, కాళ్ల కింద గరగరలాడే రాళ్లుప్పు. మూడో రోజు నాకు అనుమానం వచ్చింది, పెదాల మీద ఉప్పదనమే తగలడం లేదేమిటని. అడిగితే మెషిన్ ఆన్ చేయడం మర్చిపోయారట! అసలు పని చేస్తే గీస్తే చేసేది అదే. హాలోజెనరేటర్ అంటారు, పొడి ఉప్పుని 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) రేణువులుగా నూరి గాల్లోకి ఊదుతుంది, అంతకంటే లావువి చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. గోడకున్న ఉప్పు ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోదు, అదంతా అలంకారం.

మెషిన్ నడిచిన రోజుల్లో కఫం కాస్త పలచబడి తేలిగ్గా వచ్చింది, నిజమే. మెట్లెక్కితే ఆయాసం మాత్రం ఎప్పటిలాగే. ఏడో రోజు ఛాతీ పట్టేసి పిల్లికూతలు మొదలయ్యాయి, బయటికి తీసుకొచ్చి రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే మందు) ఇచ్చాక గానీ కుదుటపడలేదు. ఉప్పు కొందరికి శ్వాసనాళాల్ని బిగిస్తుందని డాక్టర్ తర్వాత చెప్పారు. ఆస్పత్రిలో గాఢమైన సెలైన్ (ఉప్పునీరు) నెబులైజ్ చేసేటప్పుడు, అంటే తుంపరలుగా పీల్పించేటప్పుడు, చాలాసార్లు ముందు నాళాలు తెరుచుకునే మందు ఇచ్చేది అందుకేనట. ఆ గదిలో మమ్మల్ని అడిగిన నాథుడు లేడు.

రిసెప్షన్‌లో పోలండ్ వియెలిచ్కా ఉప్పు గనుల బొమ్మ పెట్టి, 19వ శతాబ్దంలో అక్కడ ఫెలిక్స్ బొచ్‌కోవ్‌స్కీ అనే డాక్టర్ చేసిన వైద్యం గురించి కథ చెబుతారు. కథ సరే. సీఓపీడీకి ఈ పద్ధతి మీద జరిగిన అధ్యయనాల్ని 2014లో జల్లెడ పడితే, వాటిలో రాండమైజ్డ్ ట్రయల్ (రోగుల్ని లాటరీలా గుంపులుగా విడదీసి పోల్చే నమ్మదగ్గ పరీక్ష) ఒక్కటే తేలింది, అది ఎవరూ బోర్డు మీద రాయరు. నాకు ఒళ్లు మండింది మాత్రం అక్కడి సిబ్బంది "ఇంక ఇన్‌హేలర్ మెల్లగా తగ్గించేయొచ్చండీ" అన్నప్పుడు. తగ్గించడానికి వాళ్లెవరు?

నాన్ననడిగితే "కునుకు మాత్రం బ్రహ్మాండంగా పట్టిందిరా" అన్నాడు. విశ్రాంతి కోసమైతే వెళ్లండి, డాక్టర్‌ని అడిగి, రిలీవర్ జేబులో పెట్టుకుని, మెషిన్ చప్పుడు వినిపిస్తోందో లేదో చూసుకుని. మేం ప్యాకేజీ పొడిగించలేదు. ఇప్పుడు పల్మనరీ రీహాబ్‌కి, అంటే ఊపిరితిత్తుల రోగులకి వ్యాయామం చేయించే చోటికి వెళ్తున్నాం, లైట్లూ లేవు, ఉప్పూ లేదు, చెమట పట్టేదాకా నడిపిస్తున్నారు, నాన్న రోజూ తిట్టుకుంటూనే వస్తున్నాడు.