రాతి వయసు తేల్చడానికి లేజరా, ఆమ్లమా: ఏది మేలు?

రాళ్లలో దొరికే జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి తర్వాత అందులో కనిపించే సీసం దాదాపు అంతా యురేనియం క్షీణించగా పుట్టిందే. యురేనియం-238 సగానికి తగ్గడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కి 70 కోట్ల ఏళ్లు పడుతుంది. ఒకే రేణువులో రెండు లెక్కలు దొరుకుతాయి, రెండూ కలిస్తే ఆ వయసును నమ్మవచ్చు. చిక్కల్లా ఆ సీసాన్ని కొలవడంలోనే ఉంది.

లేజర్ పద్ధతిలో రేణువు మీద సన్నని గుంట చేసి, లేచిన ధూళిని, పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. ఒక్కో గుంటకు నిమిషం చాలు, రోజులో వందల రేణువులు చూడొచ్చు. ఒక ఇసుకరాయిలోని ఇసుక ఏయే కొండల నుంచి కొట్టుకొచ్చిందో తెలియాలంటే వంద రేణువులైనా కావాలి. ఆ పనికి నేను లేజర్ తప్ప ఇంకేదీ చెప్పను.

కానీ లేజర్ ఇచ్చే వయసులో సాధారణంగా ఒకటి రెండు శాతం అటూ ఇటూ ఉంటుంది. పెర్మియన్ యుగం చివర చాలా జీవజాతులు అంతరించిన మహా వినాశనం దగ్గర ఒక్క శాతమంటే 25 లక్షల ఏళ్లు! చైనాలోని మేషాన్ దగ్గర బూడిద పొరల్లోని జిర్కాన్లను ఆమ్లంలో కరిగించి కొలిచి, 2014లో ప్రకటించిన లెక్క చూడండి. వినాశనం మొదలైంది 25.1941 కోట్ల ఏళ్ల క్రితం, ముగిసింది 25.1880 కోట్ల ఏళ్ల క్రితం. అంటే సుమారు 60 వేల ఏళ్లలో అంతా అయిపోయింది. ఆ లెక్కలోనూ 48 వేల ఏళ్లు అటూ ఇటూ ఉండొచ్చు. అయినా ఆ వినాశనానికి కారణమంటున్న సైబీరియా లావాతో పోల్చి చూడటానికి ఈ మాత్రం సూక్ష్మత లేకపోతే వాదనే నిలబడదు.

ఇది సాధ్యపడటానికి ముఖ్య కారణం 2005లో జేమ్స్ మాటిన్సన్ చూపిన దారి. రేణువును 900 డిగ్రీల ప్రాంతంలో రెండు రోజులు వేడిచేసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉంచితే, సీసం కారిపోయిన దెబ్బతిన్న భాగాలు ముందే కరిగిపోతాయి. మిగిలిన గట్టి భాగాన్నే కొలుస్తారు. లేజర్ వాడేవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి: అర శాతం సీసం కారిపోయినా ఆ కొలతలో తెలియదు, రెండు లెక్కలూ కలిసినట్టే కనిపిస్తాయి.

మూడో పద్ధతి అయాన్ పుంజం, అంటే విద్యుదావేశమున్న కణాలతో రేణువు మీద చిన్న చోటును మాత్రమే గీకి కొలవడం. దాని మాటకొస్తే, లోపల పాత గర్భం, పైన కొత్త పొర ఉన్న రేణువులకు అది తప్పదు. ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో 440 కోట్ల ఏళ్ల జిర్కాన్ దొరికింది దానితోనే. అలాంటి రేణువును మొత్తంగా కరిగిస్తే వయసులన్నీ కలిసిపోతాయి.

మన పులివెందుల సిల్ (పాత పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గట్టిపడిన శిలాద్రవం) సంగతి వేరు. అలాంటి నల్లరాతిలో జిర్కాన్ అరుదు, అందుకే జిర్కాన్‌లాగే యురేనియం ఉండే బ్యాడిలియైట్ అనే ఖనిజాన్ని ఏరి కరిగించారు. అంతకుముందు, పొటాషియం క్షీణించగా పుట్టే ఆర్గాన్‌ను కొలిచే పద్ధతిలో 189.9 కోట్ల ఏళ్లు, రెండు కోట్లు అటూ ఇటూ అని ఉండేది. అది 188.5 కోట్లకు, 31 లక్షల తేడాకు బిగిసింది. ఆ సిల్ తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చింది కాబట్టి ఆ పొరలు అంతకంటే పాతవని గట్టిగా చెప్పొచ్చు.

ఒక్క పద్ధతికే డబ్బుంటే ముందు లేజర్‌నే ఎంచుకోమంటాను. దానితో రేణువులన్నీ చూశాక, తర్వాత డబ్బు దొరికితే, అన్నిటికంటే చిన్న వయసువి నాలుగైదు, రేణువులను బిగించిన అచ్చులోంచి ఊడదీసి, కరిగించే ల్యాబ్‌కు పంపొచ్చు.