వీణ ఫైబర్ కేసు రివ్యూ: దెబ్బలకి ఓకే, మన నెల్లూరు ఎండ సంగతే చూసుకోవాలి

వీణకి ఏ కేసు కొనాలి మేడం అని మా క్లాసు పిల్లల అమ్మలు అడగతానే ఉంటారు, ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పేకన్నా ఒక్కసారి రాసి పడేస్తే పోద్ది గదా అని ఇది. నేను వాడేది మద్రాసులో ఒక చిన్న వర్క్‌షాపులో కొలతలిచ్చి చేయించుకున్న ఫైబర్ కేసు. పేరు రాయను, ఎందుకంటే కింద ఆయన్ని రెండు మాటలు అనేది కూడా ఉంది. పదివేలకి కాస్త అటూ ఇటూ పడింది. మే నెల ఎండలూ చూసింది, నవంబరు తుఫాన్లూ చూసింది, కాబట్టి కొత్త మోజులో రాస్తున్నా అనుకోబాకండి.

దెబ్బ తగలకుండా కాపాడే విషయంలో దీనికి వంక పెట్టేదేం లేదు. కానీ మన ఊళ్ళో వీణకి అసలు గండం ఎండ. కేసులు అమ్మేవాళ్ళు ఆ మాటే ఎత్తరు, పైన ఎక్కి నిలబడి చూపిస్తారు, ఏనుగు తొక్కినా ఏం గాదమ్మా అంటారు. ఏనుగు యాడ తొక్కుద్ది స్వామీ నెల్లూర్లో, రోహిణి కార్తెలో కారు డిక్కీ సంగతి చెప్పు అంటే నవ్వి ఊరుకుంటాడు.

ఎందుకు అంటున్నానంటే, వీణ మీద ఉండే 24 మెట్లూ (తీగని నొక్కే లోహపు కడ్డీలు) దండికి, అంటే తీగల కింద ఉండే పొడుగాటి చెక్కకి, మేకులతో కొట్టినవి కాదు, మైనంలో కూర్చినవి. తేనెమైనంలో నల్లపొడి అదీ కలిపి, దండికి రెండు పక్కలా గట్టులాగా కట్టి, దాంట్లో ఒక్కో మెట్టూ శృతి చూసుకుంటా పెడతారు, దాన్నే మేళం వెయ్యడం అంటారు. తేనెమైనం కరగాలంటే 62 డిగ్రీల పైన కావాలి, మనకి 45 దగ్గర ఆగుద్ది గదా అని ధీమాగా ఉండబాకండి, ఎందుకంటే అద్దాలు ఎత్తేసి ఎండలో పెట్టిన కారులో డాష్‌బోర్డు 70 దాటిపోద్ది, పైగా అది కరగక్కర్లా, కాస్త మెత్తబడితే చాలు. మెట్టు వెంట్రుకవాసి కుంగినా, ఒక పక్కకి ఒరిగినా, గాంధారం (సరిగమలో గ) కాడ వేలు పెడితే ఇంకేదో పలుకుద్ది. పైకి చూస్తే వీణకి గీత కూడా పడి ఉండదు. వాయిస్తేనే తెలుస్తాది. ఇక మేళం మళ్ళీ వేయించాల్సిందే, దానికి మేం మద్రాసే పోతాం, పోను రాను ఖర్చు, అక్కడ వీణ వదిలేసి వచ్చి మళ్ళీ తెచ్చుకోడం, కేసు రేటు దాంట్లోనే వచ్చేస్తాది.

అందుకని కేసు కొనేటప్పుడు నేను మొదట చూసింది రంగు. అందరూ నల్లదే అడుగుతారు, మాసిపోదు, చూడ్డానికి స్టయిలుగా ఉంటాది అని. నేను లేత క్రీం కలరు అడిగా. వర్క్‌షాపాయన ఒప్పుకోలా, మురికి కనపడుద్దమ్మా అన్నాడు. కనపడనీ, తుడుచుకుంటా అన్నా. మా గురువుగారిది నల్ల కేసు, అదే కొలత. ఒకరోజు మిట్టమధ్యాన్నం రెండు ఖాళీ కేసులూ మిద్దె మీద పక్కపక్కన పెట్టి, కాసేపాగి మూతలు తీసి చెయ్యి పెట్టి చూశాం. నల్లదాంట్లో వెల్వెట్టు మీద చెయ్యి నిలవలా, నాదాంట్లో వెచ్చగా ఉంది అంతే. గురువుగారు అప్పటి నుంచి ఆ నల్ల కేసు మీద తెల్ల పంచె నాలుగు మడతలేసి కప్పి తాడు కట్టి తీసకపోతారు. చూసేవాళ్ళు ఏందో అనుకుంటారు గానీ పని మాత్రం చేస్తాది.

రంగు తర్వాత లోపలి మెత్త. ఇది పై గట్టిదనం కన్నా ముఖ్యం, కానీ షాపులో ఎవరూ లోపల చెయ్యి పెట్టి నొక్కి చూడరు. వీణ బరువంతా కుండ (గుండ్రటి పెద్ద భాగం) వైపు ఉంటాది, రెండో చివర యాళి ముఖం (సింహంలాంటి చెక్కిన బొమ్మ), తీగలు బిగించే బిరడలు. కేసు కింద పెట్టినప్పుడల్లా దండి మధ్యలో గాల్లో వేలాడతా ఉంటే, ఒక్క స్పీడు బ్రేకరు చాలు, కుండకీ దండికీ అతికిన చోట పగులు రావడానికి. ఏకాండ వీణ అయితే అంతా ఒకే పనస మానులోంచి తొలిచింది, అతుకు ఉండదు కాబట్టి కొంచెం నయం, కానీ మనలో ఎక్కువమంది దగ్గర ఉండేది అతుకు వీణలే. నా కేసులో దండి కింద రెండుచోట్ల దిండ్లు పెట్టించా, ఒకటి కుండకి దగ్గర్లో, ఇంకోటి యాళి ముఖానికి కాస్త ముందు. యాళి ముఖం మాత్రం దేనికీ ఆనకూడదు, దాని చుట్టూ ఖాళీ వదలమని గట్టిగా చెప్పాలి, లేకపోతే మెత్తగా ఉండాలి గదా అని స్పాంజి కుక్కేస్తారు, చెక్కిన పళ్ళు, నాలిక మొదట విరిగేది అక్కడే. అట్టాగే మూత మూస్తే గుర్రం (కుండ మీద తీగల్ని మోసేది) మీద ఒత్తిడి పడకూడదు. పరీక్ష సింపులు: గుర్రం మీద ఒక పలచటి కాయితం ముక్క పెట్టి మూత మూసి క్లిప్పులేసి మళ్ళీ తియ్యండి, కాయితం నలిగిందా, కేసు తిరిగి ఇచ్చెయ్యండి.

బుర్రకి (యాళి వైపు దండి కింద తగిలించే గుండ్రటిది) వేరే గది ఉంది, విప్పి పెట్టుకోవచ్చు. మరతో బిగించేదే కాబట్టి విప్పడం పెద్ద పనేం కాదు. సొరకాయ బుర్ర అయితే తప్పకుండా విప్పండి, పేపరు గుజ్జుదో ఫైబరుదో అయితే మీ ఇష్టం, నేనైతే ఏదైనా విప్పేస్తా.

ఇప్పుడు తిట్టేవి. క్లిప్పులు. తళతళా మెరిసే క్లిప్పులేశాడు, మొదటి వానాకాలం దాటకముందే తుప్పు. మనకి సముద్రం దగ్గర, మైపాడు గాలి తగిలే ఊరు, ఇనుము మీద నికెలు పూత ఇక్కడ నిలవదు. ఒక క్లిప్పయితే ఆరాధన రోజు గుడి మెట్ల మీద పట్టేసి రాలేదు, పక్కాయన బైకు తాళంచెవితో లేపి తీశాడు, లోపల మైకులో నా పేరు పిలుస్తా ఉన్నారు. ఫోను చేసి చెప్తే ఆయన, కొబ్బరినూనె రాయండమ్మా అన్నాడు. రాస్తున్నా, ఏం చేస్తాం.

చక్రాలు రెండు పెట్టాడు, దండగ. ఎయిర్‌పోర్టు లాంటి నున్నటి నేల మీద పరిగెత్తుతాయి, మన రోడ్ల మీద ఆ చక్రాలతో లాగితే ప్రతి గుంతా వీణకి తెలుస్తాది. చేత్తో మోస్తేనే మేలు, కానీ బరువు. వట్టి కేసే ఎనిమిది కిలోల పైన ఉంది, వీణతో కలిపితే పద్దెనిమిది దాకా పోద్ది, ఒక్క చేత్తో మోస్తే భుజం ఊడొస్తాది. అయినా పాతకాలం చెక్కపెట్టెతో పోలిస్తే ఇది పండగే. మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్న పెట్టెకి ఇద్దరు మగోళ్ళు కావాలి. కానీ ఒక మాట చెప్పాలి, ఆ చెక్కపెట్టెలో బొంత పరిచి పెడితే లోపల ఎండాకాలం కూడా చల్లగానే ఉండేది, ఈ ఫైబరుకి ఆ గుణం లేదు.

కొత్తలో రెజిన్ వాసన కూడా ఘాటుగా వస్తాది. మూత తీసి నీడలో గాలికి పెట్టండి, వాసన పోయేదాకా వీణ పెట్టబాకండి. వానాకాలం లోపల చెమ్మ చేరకుండా సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేస్తే సరి.

ఇక దీన్నేసుకుని తిరగడం సంగతి. ఊళ్ళో అయితే ఆటో, కేసుని వెనక సీటు మీద అడ్డంగా పెడితే రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాది, ట్రంకు రోడ్డులో ఎవుడో ఒకడు గుద్దుతాడు. కుండ వైపు కిందకి పెట్టి ఏటవాలుగా కాళ్ళ మధ్య పట్టుకుని కూర్చోండి. వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి వైపు పోబాకండి, అది వీణ ఉన్నా లేకపోయినా. చిన్న కారు అయితే వెనక సీట్లో అడ్డంగా పట్టదు, ముందు సీటు బాగా వెనక్కి వాల్చి పొడుగ్గా పెట్టి బెల్టు వెయ్యాలి. డిక్కీలో మాత్రం వద్దు, ఎందుకో పైన చెప్పా. టీకి ఆగినా నీడలో ఆగండి, అద్దాలు కాస్త దించండి, లేదంటే వీణ కూడా దిగి టీ కొట్టుకి వస్తాది మనతో, సిగ్గేం లేదు.

రైలే బెస్టు. మద్రాసుకి దగ్గర దగ్గర 175 కిలోమీటర్లు, కుదుపు తక్కువ. రూలు ప్రకారం పెట్టెలో మనతో తీసకపోయే లగేజీ కొలత 100 సెంటీమీటర్ల పొడుగు, 60 వెడల్పు, 25 ఎత్తు, వీణ కేసు దాన్ని దాటేస్తాది, దాటితే బ్రేక్ వ్యానులో, అంటే సామాన్ల బోగీలో వెయ్యాలి. టీసీ అడిగితే మర్యాదగా వీణ సార్ అని చెప్పి మూత తీసి చూపిస్తా, నాకైతే ఇంతవరకూ ఎవరూ కాదన్లా, ఒకాయన దణ్ణం కూడా పెట్టుకున్నాడు. కుర్చీల బోగీ అయితే చివరి వరస సీట్లు బుక్ చేసుకోండి, సీటుకీ గోడకీ మధ్య సందులో కేసు నిలబెట్టొచ్చు. స్లీపరు అయితే పైబెర్తు తీసుకుని దాని మీద పడుకోబెట్టడమే, కింద బెర్తు కిందకి తొయ్యాలని చూడబాకండి, కుండ ఎత్తు పట్టదు. పార్శిల్లో మాత్రం వెయ్యబాకండి, ఎంత కేసున్నా సరే.

బస్సు సంగతి చెప్తే నవ్వుతారు. ఒకసారి రైలు టికెట్టు దొరక్క ఒక ప్రైవేటు ట్రావెల్సులో పోవాల్సొచ్చింది. లోపల పెట్టనీలా. డిక్కీలో పెడతా, ఏంగాదు లేక్కా, మేం చూసుకుంటాం గదా అన్నాడు క్లీనరు. అన్నా వీణన్నా, నిలబెట్టొద్దు, మీద ఏం పెట్టొద్దు అన్నా. సరే అన్నాడు. దిగినాక చూస్తే కింద రొయ్యల థర్మాకోలు పెట్టెలు, దాని మీద నా కేసు, దాని మీద నిమ్మకాయల బస్తా. పెట్టెల్లో ఐసు కరిగి నీళ్ళు కేసు కిందంతా పారుతున్నాయి. అక్కడే రోడ్డు పక్కన గుండె చేత్తో పట్టుకుని తెరిచా. లోపల పొడిగా ఉంది, ఒక్క చుక్క పోలా. మూత అంచు చుట్టూ రబ్బరు బీడింగు వేయించిన పుణ్యం అది, దానికి మూడొందలు ఎక్కువ తీసుకుంటే అప్పుడు గొణిగా గానీ ఇప్పుడు దండం పెడతా. వీణ శృతి కూడా పెద్దగా దిగలేదు. హ్యాండిలుకి అంటిన రొయ్యల వాసన మాత్రం నిమ్మకాయ రుద్దినా షాంపూ పెట్టినా వారం దాకా పోలా, కచేరీలో పక్కన మృదంగం ఆయన రెండుమూడు సార్లు చుట్టూ వెతుక్కున్నాడు పాపం. ట్రావెల్సు వాళ్ళకి ఫోను చేస్తే లగేజీకి మాది బాధ్యత కాదు మేడం అని టికెట్టు వెనక చూసుకోమన్నారు.

బయల్దేరే ముందు తీగలు సగం స్వరం దాకా దించండి, అంతే. కొంతమంది పూర్తిగా వదులు చేసేస్తారు, అట్టా చేస్తే గుర్రాన్ని పట్టి ఉంచే ఒత్తిడి పోయి అది జరిగిపోద్ది, దాన్ని మళ్ళీ సరైన చోట నిలబెట్టేసరికి కచేరీ టైము దాటిపోద్ది. గుర్రానికి రెండు పక్కలా మెత్తటి నూలు గుడ్డ పెట్టండి, చాలు.

విమానం గురించి అడిగేవాళ్ళకి: క్యాబిన్లో 7 కిలోలే, వీణ పట్టదు, దేశంలో తిరిగే మామూలు టికెట్టుకి చెకిన్ 15 కిలోలు, ఈ కేసుతో అదీ దాటుద్ది, ఎక్స్‌ట్రా కట్టాలి. పైగా మనకి రేణిగుంటో మద్రాసో పోవాలి, దగదర్తి ఎయిర్‌పోర్టు అదిగో ఇదిగో అని నేను జడలేసుకునేటప్పటి నుంచీ వింటానే ఉన్నా.

మార్కులు అడిగితే 5కి మూడున్నర. గట్టిదనానికి, బీడింగుకి, దిండ్లకి పూర్తి మార్కులు. క్లిప్పులకి సున్నా. ఇంట్లోంచి బయటికి తియ్యని వీణకి ఇంత డబ్బు పెట్టొద్దు, మందపాటి క్యాన్వాసు సంచి, పైన పాత దుప్పటి చాలు. నెలకోసారైనా ఊరు దాటేవాళ్ళయితే కొనండి, లేత రంగే అడగండి, మాసినా పర్లేదు.

మా పాప చిన్న వీణకి కూడా ఆయనకే ఆర్డరిచ్చా, తిట్టుకుంటానే. ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులు, చక్రాలు వద్దు, భుజానికి వెడల్పాటి పట్టీ అని బిల్లు మీద రాయించుకున్నా. అడ్వాన్సు మూడువేలు తీసుకున్నాడు, దసరా లోపు ఇస్తా అన్నాడు.