ఈకేవైసీ అని చెప్పి మా అమ్మ వేలిముద్రతో 18,400 లాగేశాడు, జాగ్రత్త

కేంద్రం రైతులకిచ్చే పీఎం కిసాన్ డబ్బు కోసం ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని నిర్ధారించే పని, చేయించడానికి మండల ఆఫీసు దారిలో ఉన్న ఆ ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్దామనుకుంటున్న వాళ్లు కాస్త ఆగండి. అక్కడ మా అమ్మ అకౌంట్లోంచి రెండు దఫాల్లో 18,400 రూపాయలు పోయాయి. రాత్రే ఊరి నుంచి తిరిగొచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు, రాసేదాంట్లో ముందువెనకలైతే సర్దుకోండి.

సంగతి క్లుప్తంగా చెప్తాను. నాన్న పోయి వచ్చే నెలకు ఏడాది. భూమి వారసత్వం కింద అమ్మ పేరు మీదికి మారి కొత్త పాసుపుస్తకం వచ్చింది. పీఎం కిసాన్‌కు కొత్తగా పెట్టుకోవాలంటే 2019 ఫిబ్రవరి 1 నాటికే భూమి ఉండాలన్న నిబంధన ఉంది కదా, భర్త చనిపోయి భూమి వచ్చిన వాళ్లకు అది అడ్డు కాదు. ఆ మాట రైతు వేదికలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సారే చెప్పి దరఖాస్తు పెట్టించారు. అంతవరకు పైసా ఖర్చు లేకుండా అయింది. ఇక మిగిలింది ఈకేవైసీ ఒక్కటే.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఓటీపీతో చేద్దామంటే అమ్మ ఆధార్‌కు ఉన్నది నాన్న ఫోన్ నంబర్. ఆయన పోయాక ఆ సిమ్‌కు రీచార్జ్ చేయలేదు, అది ఎప్పుడో ఆగిపోయింది. బ్యాంకు అకౌంటుకూ అదే నంబర్. హైదరాబాద్‌లో కూర్చుని రోజూ ఫోన్‌లో మాట్లాడతాను కానీ ఆ నంబర్ మార్పించాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఏడాది పాటు రాలేదు. ఇది నా తప్పే, ఎవరి మీదికీ నెట్టను.

ఓటీపీ లేదు కాబట్టి వేలిముద్రతో చేయించాలి. అమ్మ సంఘంలో అడిగింది. డ్వాక్రా సంఘం అంటే ఆమెకు పుట్టిల్లు లాంటిది, లోను దగ్గర్నుంచి పిల్లల పెళ్లి దాకా అక్కడ అడగకుండా ఏదీ చేయదు. లీడర్ అక్క "ఆ సెంటర్ పిల్లగాడు మంచోడు, నాది గూడ ఆయనే చేసిండు, రెండొందలు తీస్కున్నడు" అన్నదట. అమ్మ నన్ను అడిగింది. "అక్క చెప్పిందంటే వెళ్లు" అన్నాను. వేలిముద్రతో ఈకేవైసీకి పెట్టిన రేటు 15 రూపాయలని ఇప్పుడు తెలిసింది. 200 అన్నప్పుడే అనుమానం రావలసింది.

మా అమ్మ వేళ్ల గురించి చెప్పాలి. పత్తి ఏరీ, మిర్చి తెంపీ బొటనవేలి మీద గీతలు దాదాపు అరిగిపోయాయి, చివర్న పగుళ్లు. రేషన్ షాపులో కూడా మూడు నాలుగు సార్లు పెడితేగానీ మిషన్ తీసుకోదు. అందుకే ఎవరైనా "ఇంకోసారి పెట్టు" అంటే ఆమెకు అది కొత్త కాదు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఆ రోజూ అంతే చేసింది. "సర్వర్ స్లో ఉంది పెద్దమ్మా, మల్ల పెట్టు" అన్నాడు. పెట్టింది. "గట్టిగ ఒత్తు" అన్నాడు. ఒత్తింది. మొత్తం నాలుగు సార్లు. మధ్యలో "ఏ బ్యాంకు పెద్దమ్మా నీది?" అని అడిగాడు. చెప్పింది. చివర్న ఒక నోట్‌బుక్కు తీసి, స్టాంపు ప్యాడ్ మీద వేలు అద్దించి, ఒక పేజీలో ముద్ర వేయించుకున్నాడు. దరఖాస్తు కోసమన్నాడు.

రెండు రోజులాగి బండేసుకుని ఇంటికే వచ్చాడు. "నీది రిజెక్ట్ అయింది పెద్దమ్మా, ఇంకోపాలి కొట్టాలె." ఇంటిదాకా వచ్చి చేస్తున్నాడని అమ్మ సంతోషపడి టీ పెట్టి ఇచ్చింది. అరుగు మీద కూర్చుని టీ తాగి, చిన్న మిషన్ ఫోన్‌కు తగిలించి, మళ్లీ రెండుసార్లు వేలు పెట్టించుకుని, ఇంకో వంద తీసుకుని పోయాడు. మొదటిరోజు 9,900, ఇంట్లో టీ తాగుతూ 8,500.

పోయిన శుక్రవారం నాన్న సంవత్సరీకానికి సామాను తెద్దామని అమ్మ బ్యాంకుకు వెళ్లింది. పత్తి అమ్మిన డబ్బులో అప్పులు కట్టగా మిగిలినవి, ఉపాధి కూలీ డబ్బులు కలిపి 19,540 ఉండాలి. 1,140 ఉన్నాయన్నారు. పాసుబుక్కు ప్రింట్ కొట్టించుకుని, బయట మెట్ల మీద కూర్చుని నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "బిడ్డా, నేను తీయని పైసలు నేను తీసినట్టు రాసింది ఇండ్ల" అంది.

అప్పుడే నేను సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేశాను. ఆ రాత్రే బస్సెక్కాను.

శనివారం పొద్దున అమ్మను తీసుకుని సెంటర్‌కు వెళ్లాను. లోపల ఏడెనిమిది మంది ఉన్నారు. పాసుబుక్కు ముందు పెట్టి అడిగాను. మొదట బ్యాంకు చార్జీలన్నాడు. 9,900 చార్జీ ఏ బ్యాంకు వేస్తుందని అడిగితే మాట మార్చాడు. అందరికీ వినబడేలా, "పెద్దమ్మే తీస్కపోయింది పైసలు. వయసు మీద వడ్డది గదా, యాది మర్సింది" అన్నాడు.

నేను మర్చిపోలేనిది ఆ ఒక్క మాట. డబ్బు సంగతి తర్వాత. ఎవరింట్లో టీ తాగాడో ఆమెనే నిలబెట్టి, పది మంది ముందు మతిమరుపు మనిషిని చేశాడు. అమ్మ అతని మొహంలోకి చూసి, "నాకు యాది లేకపోవుడేంది బిడ్డా? నా చేతుల పైసలు పెట్టింది ఎప్పుడు, ఏ పూట, చెప్పు" అంది. చెప్పలేదు. నా వైపు తిరిగి, "వేలు ఆమెదే గదా అక్కా, నేనేమన్న కోస్కపోయిన్నా?" అన్నాడు.

తర్వాత ఆ నోట్‌బుక్కు తీశాడు. అమ్మ ముద్ర ఉన్న పేజీలో పైన రాసి ఉంది: "9,900 రూపాయలు నగదు ముట్టినవి." ముద్ర వేయించుకున్నప్పుడు ఆ పేజీ ఖాళీగా ఉందని అమ్మ ఒట్టేసి చెప్తోంది. ఇంకోటి వినండి. మా అమ్మకు సంతకం వచ్చు. సంఘంలో చేరిన కొత్తలో రాత్రిపూట లాంతరు దగ్గర కూర్చుని నాతో పాటు పలక మీద దిద్ది నేర్చుకుంది. బ్యాంకులో, పంచాయతీలో, అంతటా సంతకమే చేస్తుంది. అతను మాత్రం అడగకుండానే ప్యాడ్ ముందుకు తోసి వేలు అద్దించాడు. ముసలామె కదా, ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు.

అసలు ఇది ఎలా జరుగుతుందో నాకూ మొన్నటిదాకా తెలియదు. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతి ఉంది, ఏఈపీఎస్ అంటారు. బ్యాంకు లేని ఊళ్లలో పింఛన్ డబ్బులు, కూలీ డబ్బులు తీసుకోవడానికి అది నిజంగా పనికొస్తుంది. దానికి పిన్ ఉండదు, ఓటీపీ రాదు. ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడు ఉంటే చాలు. ఒక్కసారికి 10,000 దాకా తీయొచ్చు, అందుకే 9,900. అకౌంట్లోంచి పోయిన డబ్బు ముందు ఆ మిషన్ నడిపేవాడి ఖాతాలో పడుతుంది, అతను మనకు నగదు ఇవ్వాలి. ఇవ్వకుండా జేబులో వేసుకుంటే ఆ క్షణంలో తెలిసే దారి ఎస్సెమ్మెస్ ఒక్కటే. అమ్మ ఎస్సెమ్మెస్‌లన్నీ చనిపోయిన మా నాన్న నంబర్‌కు పోయాయి.

పీఎం కిసాన్ ఈకేవైసీకి బ్యాంకు పేరుతో పనే లేదు. "ఏ బ్యాంకు పెద్దమ్మా" అన్న ఆ ప్రశ్న దగ్గరే దొంగతనం మొదలైంది.

పోనీ ఈకేవైసీ అయినా చేశాడా అంటే అదీ లేదు. శనివారం సాయంత్రం మా పక్కింటి అమ్మాయి వచ్చింది, డిగ్రీ చదువుతోంది. వాళ్ల నాన్న పీఎం కిసాన్ లబ్ధిదారు. ఆయన ఫోన్‌లో పీఎం కిసాన్ యాప్ తెరిచి అమ్మ వివరాలు కొడితే ఈకేవైసీ కాలేదనే చూపించింది. ఆ యాప్‌లో 2023 నుంచి ముఖం చూపించి చేసే పద్ధతి ఉందట. వేలిముద్ర అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఒక రైతు తన ఫోన్ నుంచి చుట్టుపక్కల 100 మంది రైతులకు చేసిపెట్టొచ్చట. అరుగు మీద వెలుతురులో అమ్మను కూర్చోబెట్టి, కళ్లు ఆర్పమని చెప్పి, పది నిమిషాల్లో పూర్తి చేసింది. రూపాయి తీసుకోలేదు. గోడ అవతలే ఉన్న సాయం అది. నేను అడిగి ఉంటే మొదటిరోజే అయ్యేది.

ఏడాదికి వచ్చేది 6,000, అదీ నాలుగు నెలలకోసారి 2,000 చొప్పున. అతను తీసుకున్నది మూడేళ్ల డబ్బు కంటే ఎక్కువ.

లీడర్ అక్క మీద నాకు మొదట చాలా కోపం వచ్చింది. శనివారం రాత్రి ఆమే ఇంటికొచ్చి అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. సోమవారం మాతో పాటు బ్యాంకుకొచ్చి తన పాసుబుక్కు కూడా ప్రింట్ కొట్టించుకుంది. ఆమెదీ 3,000 పోయింది, నాలుగు నెలల కింద. అంతవరకు తెలియనే తెలియదు. పని అయింది కాబట్టి మంచోడని చెప్పింది, అంతే. మన వాళ్లు చెప్పే సలహా మనసులోంచే వస్తుంది, కానీ వాళ్లు కూడా పాసుబుక్కు చూసుకుని చెప్పరు కదా.

బ్యాంకులో సోమవారం మూడు గంటలు నిలబడ్డాం. కౌంటర్‌లో ఆయన స్క్రీన్ చూసి "బయోమెట్రిక్ సక్సెస్ అని ఉందమ్మా, మీ వేలే" అన్నాడు. అదే మాట, సెంటర్ వాడన్నదే. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశం గురించి అడిగాను: బయటివాళ్ల మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారు మీద భారం పడకూడదు. మెసేజ్ వెళ్లిందిగా అన్నారు. ఎవరికి వెళ్లింది? డెత్ సర్టిఫికెట్ కాపీ తీసి కౌంటర్ మీద పెట్టాను. అప్పుడు మేనేజర్ బయటికొచ్చి రాతపూర్వకంగా ఫిర్యాదు తీసుకుని, రెండో కాపీ మీద సీలు వేసి ఇచ్చారు. డబ్బు వస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. స్టేషన్‌లో పిటిషన్ తీసుకున్నారు, 1930 వాళ్లు ఇచ్చిన ఫిర్యాదు నంబర్ దాని మీద రాసుకున్నారు. తొమ్మిది రోజులు ఆలస్యమైంది కాబట్టి డబ్బు ఆ ఖాతాలో ఆపడం కష్టమన్నారు. అదే గంటలో తెలిసి ఉంటే ఆపే వీలుండేదట.

సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. మన మండలం వాళ్లకు ఎలాగూ అర్థమవుతుంది.

తొందరగా నాలుగు మాటలు చెప్తాను. అమ్మానాన్నల ఆధార్‌కు, బ్యాంకుకు ఏ నంబర్ ఉందో ఈ రోజే అడగండి. పోయిన వాళ్ల నంబర్ ఉంటే వెంటనే మార్పించండి. ఆధార్ సెంటర్‌కు మనిషిని తీసుకెళ్తే మారుస్తారు. నంబర్ మారాక ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, ఇక ఎవరు వేలు పెట్టించుకున్నా పనిచేయదు. రేషన్ తెచ్చుకునే రోజు మాత్రం లాక్ తీయాలి, లేదంటే అక్కడా మిషన్ ఒప్పుకోదు. ఈకేవైసీ అని పిలిచి బ్యాంకు పేరు అడిగితే లేచి వచ్చేయండి. వేలు పెట్టించుకున్న ప్రతిసారీ స్లిప్ అడగండి. ఖాళీ పేజీ మీద ముద్ర వేయొద్దు.

అమ్మ నంబర్ మార్పుకు ఇచ్చాం, ఇంకా అప్‌డేట్ కాలేదు. అయ్యాక ఆధార్ ఏయే రోజు, ఏ సమయంలో, దేనికి వాడారో ఆ హిస్టరీ తీసి పోలీసులకు ఇవ్వాలి. ఆ రెండు రోజులు అతను కొట్టింది ఈకేవైసీ కాదని అందులో తేలుతుంది.

గురువారం మళ్లీ స్టేషన్‌కు వెళ్తున్నాం. ఆ సెంటర్‌లో ఎప్పుడైనా వేలు పెట్టిన వాళ్లు, మీ ఇంట్లో పెద్దవాళ్లు పెట్టి ఉంటే వాళ్లు, ముందు పాసుబుక్కు ప్రింట్ కొట్టించుకోండి. మీరు తీయని డబ్బు కనిపిస్తే ఆ పేజీ జిరాక్స్ తీసుకుని పొద్దున 10 గంటలకల్లా బస్టాండ్ దగ్గరికి రండి. లీడర్ అక్క వస్తోంది, సంఘంలో ఇంకో ఇద్దరు వస్తామన్నారు. అమ్మ కూడా వస్తుంది. మొన్న ఇచ్చిన పిటిషన్ మీద నేను సంతకం చేశాను, ఈసారి తనే చేస్తానంటోంది.