నిమిషం వీడియోకి వాయిస్ జవాబు: ఏడాదికి పైగా వాడాక నా మాట

పక్షవాతం వచ్చినవాళ్ళ ఇంటివాళ్ళకి ఫోన్ యాప్‌లో థెరపిస్టుల సలహా ఇచ్చే ఈ సేవలో నాకు బాగా నచ్చింది ఒకే ఒక్కటి. దాని కోసమే ఇంత రాస్తున్నాను. పక్షవాతం వచ్చిన మనిషితో ఇంట్లో మనం పడే ఇబ్బందిని నిమిషం వీడియో తీసి పంపితే, థెరపిస్టు అది చూసి వాయిస్ మెసేజ్‌లో జవాబు చెబుతారు. అచ్చమైన తెలుగులో, మన మనిషినే ఉద్దేశించి. యాప్‌లో మందుల అలారం, బీపీ పట్టిక, వ్యాయామాల వీడియోలు కూడా ఉన్నాయి. అవి ఎక్కడైనా దొరికేవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

మావారికి మెదడులో ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది కానీ తిరిగి చెప్పాలంటే "చాలు", "వద్దు", "ఇదిగో" లాంటి మాటలే వస్తాయి. గుంటూరులో చుట్టుగుంట దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసిన మనిషి ఆయన. నేను స్కూల్లో సైన్స్ టీచర్‌ని. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు, ఈ సేవకు నెలనెలా డబ్బు కట్టేది వాడే. ఇంట్లో ఉండేది నేను, ఆయన, మా అత్తయ్య.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు వ్యాయామాల బొమ్మలున్న కాగితాలు ఇచ్చారు. ఆ బొమ్మల్లో మంచం ఎత్తుగా ఉంటుంది, చుట్టూ ఖాళీ ఉంటుంది. మా ఇంట్లో ఉన్నది నవారు సాగిపోయిన మంచం, ఒక పక్క గోడ, ఇంకో పక్క బీరువా. ఆ ఇరుకులో మనిషిని కుర్చీలోకి మార్చడం ఎలాగో ఏ కాగితంలోనూ ఉండదు. మొదటి వీడియో దాని గురించే పంపాను. జవాబు మా గదిని చూసి చెప్పినట్టే వచ్చింది. "ఆంటీ, కుర్చీ అంకుల్‌కి ఎడమ పక్కకి, అంటే బలం ఉన్న వైపు పెట్టండి. కుడి చెయ్యి పట్టుకుని గానీ, చంక కింద చెయ్యి వేసి గానీ ఎవరూ లాగొద్దు, భుజం కీలు జారుతుంది. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. ఆయన బాగా ముందుకు వంగాకే లేపండి. మంచం కోళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించండి." దిమ్మలు పెట్టించిన రోజు నుంచే నా నడుముకి హాయిగా ఉంది.

లైవ్ వీడియో కాల్ కూడా ఇస్తారు కానీ నాకు అది అంతగా పనికి రాలేదు. రెండు చేతులూ ఆయన మీద ఉన్నప్పుడు ఫోన్ ఎవరు పట్టుకోవాలి? వాయిస్ మెసేజ్ అయితే ఫోన్‌ని అలమారలో పెట్టి, వింటూనే చేయవచ్చు. మర్చిపోతే మళ్ళీ వినొచ్చు. కళ్ళు సరిగ్గా కనపడని అత్తయ్య కూడా విని, నేను లేనప్పుడు అలాగే చేయిస్తుంది.

ఇక ఆ రోజు సంగతి. మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ముమ్మరంగా వచ్చే రోజులు. నడిచేటప్పుడు మావారి కుడి పాదం వేళ్ళు నేలకి రాసుకుంటున్నాయని వీడియో తీసి పంపాను. అప్పటికే కొన్నాళ్ళుగా ఆయనకి తిండి దగ్గర దగ్గు వస్తోంది. మా మరిది వచ్చినప్పుడు "యార్డు ఘాటు వదినా, ఈ సీజన్‌లో ఊరంతా దగ్గుతూనే ఉంటుంది" అన్నాడు. మాది యార్డుకి దగ్గరే కాబట్టి ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పొలమారినప్పుడల్లా అత్తయ్య నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అనేది. దగ్గు గురించి థెరపిస్టుని అడగాలని ఎవరికీ తట్టలేదు. నడక చూసేవాళ్ళకి దగ్గుతో పనేముంటుంది?

సాయంత్రానికి జవాబు వచ్చింది. పాదం గురించి రెండే మాటలు. పాదం పైకి లేవట్లేదు, అరికాలు నుంచి పిక్క దాకా పట్టి ఉంచే ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ తొడుగు కావాలి, కొలత ఇచ్చి చేయించండి అని. ఆ తర్వాత థెరపిస్టు గొంతు సీరియస్‌గా మారింది. కడప వైపు యాస ఆ అమ్మాయిది, ఒక్కో మాటా ఒత్తి పలుకుతుంది.

"ఆంటీ, వీడియో మొదట్లో అంకుల్ మజ్జిగ గ్లాసు మీకిచ్చి 'చాలు' అన్నారు. ఆ గొంతు తడిగా ఉంది. అనుమానం వచ్చి మళ్ళీ మళ్ళీ విన్నాను. గొంతులో నీళ్ళు నిలిచినట్టు గరగర వినబడుతోంది. తాగకముందు కూడా అలాగే ఉంటుందా? తాగాక దగ్గుతున్నారా? సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? ఇవి ఉంటే ఈ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. చూపించేదాకా నోటికి ఏమీ ఇవ్వకండి. నేను నడక చూసే మనిషిని, మింగడం సంగతి చూసేది స్పీచ్ థెరపిస్టు, మా వాళ్ళకి కూడా చెప్పాను."

నేను వీడియో పంపింది నడక కోసం. ఆయన కుర్చీలోంచి లేవబోయే ముందు ఆ గ్లాసు అందులో పడింది, అంతే. దానిలోని ఒక్క మాట గొంతుని పట్టుకుంది ఆ అమ్మాయి. దగ్గు ఉంది. రెండు మూడు సాయంత్రాలుగా ఒళ్ళు కూడా కాస్త వెచ్చగా ఉంటోంది. ఆ రాత్రే తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నెమ్ము (న్యుమోనియా) కనిపించింది. ముదరకముందే వచ్చారన్నారు డాక్టరు. తగ్గాక మింగడం పరీక్ష చేస్తే, పల్చటివి తాగినప్పుడు కొంత గాలిగొట్టం వైపు జారుతున్నట్టు తేలింది.

పక్షవాతం తర్వాత మింగే కండరాలు బలహీనపడతాయని చాలామందికి తెలిసే ఉంటుంది. నాకు కొత్తగా తెలిసింది ఇంకోటి. కొందరికి గొంతులో స్పర్శ కూడా తగ్గిపోతుంది, అప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు జారినా దగ్గే రాదు. పొలమారట్లేదు కాబట్టి బాగానే మింగుతున్నారని అనుకోవడానికి లేదు. తిన్నాక గొంతు తడిగా మారడం, ఊరికే జ్వరం తగలడం, భోజనానికి మామూలు కంటే చాలాసేపు పట్టడం కూడా గమనించాలి. ఇళ్ళల్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళందరికీ ఈ ఒక్క ముక్క చేరాలని నా తాపత్రయం.

తర్వాత స్పీచ్ థెరపిస్టు వాయిస్ మెసేజ్‌లతో నా వంటిల్లు మారింది. అన్నిటికంటే ఆశ్చర్యం చారన్నం విషయంలో. మెత్తగా జారిపోతుందని జబ్బు మనిషికి మనం మొదట పెట్టేది అదే కదా. కానీ మింగడం కష్టమైన వాళ్ళకి అదే ఇబ్బందట. చారు ముందు గబుక్కున జారిపోతుంది, మెతుకులు నోట్లో ఉండిపోతాయి, రెండిటినీ ఒకేసారి అదుపు చేయడం బలహీనపడిన గొంతుకి చేతకాదు. పల్చటి మజ్జిగన్నం కూడా అంతే. వాటి బదులు గట్టి పెరుగుతో మెత్తగా చిదిమిన అన్నం, నెయ్యి వేసిన ముద్దపప్పు, చెంచా వాలిస్తే ధారగా కారకుండా ముద్దగా జారే రాగి జావ. గోంగూర లేకుండా ఆయన తినరు. నార లేకుండా మెత్తగా రుబ్బి, కారం బాగా తగ్గించి పెట్టమన్నారు. పెడుతున్నాను. నీళ్ళలో చిక్కబరిచే పొడి కలపాలి. అదంటే ఆయనకి అసహ్యం, ముఖం తిప్పేసుకుంటారు. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో ఒంట్లో నీరు తగ్గిపోతుందేమోనని వేసవి అంతా టెన్షనే. మూత్రం రంగు చూసుకుంటూ, చెంచా చెంచాగా ఇస్తూ నెట్టుకొచ్చాను.

నిటారుగా కూర్చోబెట్టడం, గడ్డం కాస్త కిందికి వంచమనడం, తిన్నాక అరగంట పడుకోనివ్వకపోవడం ఇప్పుడు అలవాటైపోయాయి. కుడి బుగ్గలో మెతుకులు దాక్కుంటాయి, ఆయనకి తెలియదు. అవి తీసి నోరు శుభ్రం చేశాకే భోజనం అయినట్టు. ఇవన్నీ మా ఆయనకి పరీక్ష చేశాక చెప్పినవి. మీ ఇంట్లో మనిషికి ఏది పడుతుందో పరీక్ష చేసినవాళ్ళని అడిగే పెట్టండి. మాత్రలు కూడా అంతే, నలిపి వేయకూడనివి కొన్ని ఉంటాయి.

వీడియో విషయంలో ఒక ఇబ్బంది గురించి ఎవరూ చెప్పరు. ఆయనకి వీడియో తీయించుకోవడం ఇష్టం లేదు. ఫోన్ ఎత్తగానే ఎడమ చేత్తో ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఒకప్పుడు ఇస్త్రీ చొక్కా లేకుండా గేటు దాటని మనిషిని బనీనులో, నోట్లోంచి కారుతుండగా ఎవరికో పంపడం నాకూ మనసొప్పలేదు. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. తీశాక ముందు ఆయనకే చూపిస్తాను. పంపాలనుకుంటే ఎడమ వేలితో ఆయనే నొక్కుతారు. "వద్దు" అంటే అక్కడే తీసేస్తాను, అది ఎంత అవసరమైన వీడియో అయినా. పాత వీడియోలు తొలగించమని సేవవాళ్ళని అడిగితే తొలగించామని రాశారు. అడగకపోతే ఎన్నాళ్ళు ఉంచుతారో మాత్రం ఎక్కడా స్పష్టంగా రాసి లేదు.

ఇంత మెచ్చుకున్నాక చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఆ కడప అమ్మాయి ఇప్పుడు లేదు. మానేసిందో, మార్చారో చెప్పలేదు. తర్వాత వచ్చినవాళ్ళు కొన్ని నెలలకొకరు మారుతున్నారు, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. జవాబులు తప్పేమీ కావు, కానీ ఎవరికైనా సరిపోయేలా ఉంటున్నాయి. "రోజుకి రెండుసార్లు చేయించండి, మంచి పురోగతి" అని. మా గదిలో బీరువా ఎక్కడుందో వాళ్ళకి తెలియదు. వీడియో మొత్తం చూస్తున్నారా, నేను అడిగిన చోటు మాత్రమే చూస్తున్నారా అన్న అనుమానం నాకు ఉంది. పైగా శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా జవాబే రాదు. నేను ఇంతగా మెచ్చుకున్నది ఆ పద్ధతినా, ఆ ఒక్క మనిషినా అంటే తేల్చి చెప్పలేను.

అత్యవసరానికి ఇది పనికి రాదు. మూతి వంకర పోవడం, చెయ్యి జారిపోవడం, మాట తడబడటం మళ్ళీ కనిపిస్తే వీడియోలు తీస్తూ కూర్చోకుండా 108కి చేయాలి. మెదడు నాళంలో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే.

అబ్బాయి నాకొక అధ్యయనం పంపాడు. అటెండ్ అని, మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో చేశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంట్లోవాళ్ళకి ఆసుపత్రిలో నేర్పించడం మొదలుపెట్టి, ఇంటి దగ్గర రెండు నెలల దాకా కొనసాగించారు. ఆరు నెలలకి చూస్తే చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి ఇలా నేర్పించిన వర్గంలోనూ, మామూలు వైద్యమే అందిన వర్గంలోనూ 47 శాతమే. అంటే ఇంట్లోవాళ్ళు నేర్చుకుని చేయించినంత మాత్రాన తేడా రాలేదు. చదివి ఒక పూట దిగులుపడ్డాను. అయితే నాకు ఈ సేవ ఉపయోగపడింది వ్యాయామం చేయించడంలో కంటే, నాకు కనిపించనిది ఇంకొకళ్ళకి కనిపించడంలో. ఆ లెక్క ఆ అధ్యయనంలో లేదు. మావారు నడక నేర్చింది ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు వల్లే, ఫోన్ వల్ల కాదు.

నా సంగతి అడిగేవాళ్ళు ఈ సేవలో ఎవరూ లేరు. నిద్ర లేక, ఏడుపు ఆగని రోజుల్లో 14416కి చేశాను. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళు కూడా చేయవచ్చు.

డబ్బు పెట్టవచ్చా అంటే, నాకు సెలవు దొరికింది, జీతం ఉంది, మంచి ఫోన్ ఉంది, పక్కన అత్తయ్య ఉంది, నెలనెలా కట్టే కొడుకు ఉన్నాడు. యార్డులో తొడిమలు తీసే పనికి వెళ్ళే ఆవిడ భర్తకి ఇదే వస్తే, పగలు వీడియో తీసేదెవరు, చిక్కబరిచే పొడి కొనేదెలా? ఆమెకి ఇది కొనుక్కోమని నేను చెప్పను. ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో డాక్టర్‌తో ఉచితంగా మాట్లాడవచ్చు, కానీ మనిషిని ఎలా లేపాలో చూసి చెప్పే థెరపిస్టు అవసరం అక్కడితో తీరదు.

మాకైతే ఇంకో మూడు నెలలు పొడిగించమని అబ్బాయికి చెప్పాను, అదీ స్పీచ్ థెరపిస్టు మారలేదు కాబట్టి. మీరు చేరాలనుకుంటే డబ్బు కట్టే ముందే రెండు అడగండి. మా వీడియోలు చూసేది ఒకే మనిషా, మారుతుంటారా? మారితే పాత వీడియోలు, పాత జవాబులు కొత్తవాళ్ళు చూశాకే మాతో మాట్లాడతారా? సరైన జవాబు రాకపోతే ఒక్క నెలకి మాత్రమే కట్టి చూడండి.